మస్తాన్ మామ ఖాళీ పాట

ముందే ఒప్పుకుంటున్నాను. ఉన్నదున్నట్టు చెప్పడం నాకు చేతకాదు. మా ఇంట్లో నన్ను చీమ కుడితే బజారుకు వచ్చేసరికి అది తేలవుతుంది, బస్టాండు చేరేసరికి దానికి కొమ్ములు కూడా మొలుస్తాయి. నలుగురూ హాస్య రచయిత అనడం మొదలుపెట్టాక ఈ జబ్బుకు గౌరవం దొరికింది, ఇక నయం కాదు. కాబట్టి కింద ఎక్కడెక్కడ పొంగించానో మీరే చూసుకుని నురగ తీసేసి తాగండి. నిజంగా అబద్ధమాడిన చోటు మాత్రం ఒక్కటే ఉంది. దాన్ని చివర్లో నేనే చూపిస్తాను. అంతవరకు నన్ను తిట్టకండి. ఈ రోజు తిట్టే పని నాది. ఒళ్లు మండిపోతోంది నాకు.

పోయిన వారం ప్రొద్దుటూరులో ఒక ఎలక్ట్రానిక్స్ షాపుకు వెళ్లాను. పాటలు వినడానికి తప్ప మరెందుకూ పనికిరాని ఒక డిజిటల్ ప్లేయర్ కొనాలని నా కోరిక. ఫోను కాదు. దాంతో ఎవరికీ ఫోన్ చేయలేం, ఎవరూ మనకు చేయలేరు, అదే దాని గొప్ప. ధర చెప్పను, మా ఆవిడ కూడా పుస్తకాలు చదువుతుంది. అరచేతిలో పెట్టుకుంటే సగం ఇటుకంత బరువుంది. పక్కనున్న గుండ్రటి మీట తిప్పుతుంటే గీత గీతకూ వేలికింద టిక్, టిక్ అంటోంది. ‘మీకు నచ్చిన పాట పెట్టుకోండి సార్’ అన్నాడు షాపాయన. నా జేబులోని కార్డు తీసి అందులో పెట్టి, ఇయర్‌ఫోన్లు చెవుల్లోకి తోసుకున్నాను. ఆ కార్డులో ఉన్నది ఒకే ఒక్క ఫైలు. పేరు ‘ఖాళీ’. నాలుగు నిమిషాలు. అందులో పాట లేదు, మాట లేదు, ఒక గదిలోని మధ్యాహ్నపు నిశ్శబ్దం మాత్రమే ఉంది. ఇరవై ఏళ్లుగా వింటున్నాను దాన్ని. ఆ రోజు మొట్టమొదటిసారి అందులో ఏదో సన్నగా కదిలింది. అదేమిటో పట్టుకునేలోపే షాపాయన నా భుజం తట్టి, ఒక ఇయర్‌ఫోన్ లాక్కుని తన చెవిలో పెట్టుకున్నాడు.

‘సార్, ఏం వినపళ్లేదే. కార్డు పోయినట్టుండాది.’

‘పోలేదప్పా. ఇది ఖాళీ పాట. జమ్మలమడుగులో మస్తాన్ మామ అని మైకుసెట్టు ఆయన ఉండేవాడు, ఆయన రికార్డు చేసింది.’

‘యా మస్తాను? హారన్ మూతి తిప్పి ఊరిమీదికి బాంబులు తెచ్చినోడా?’ అని నవ్వాడు ఆ మహానుభావుడు. ‘వాని పుణ్యాన రెండు పీనుగులు లేచినాయి గదా సార్!’

నేను ఆ ప్లేయర్ కొన్నాను. ఆయన మొహం చూడకుండా కొన్నాను. ఇంటికొచ్చి ఇది రాయడానికి కూర్చున్నాను.

మస్తాన్ మామను మీరు చూడలేదు కాబట్టి చెబుతున్నాను. జమ్మలమడుగులో ఆయన షాపు, నా జాబ్ టైపింగ్ షాపు పక్కపక్కనే ఉండేవి. మధ్యలో ఉన్నది గోడ అనడం గోడలకు అవమానం, అది సున్నం పూసిన అట్టముక్క. ఆయన షాపు ఎంత చిన్నదంటే ఆయన లోపలుంటే ఆంప్లిఫైయర్ బయట ఉండాలి, ఆంప్లిఫైయర్ లోపలుంటే ఆయన బయట ఉండాలి. చెవులు మాత్రం దేవుడు తీరుబడిగా చేసినవి. బల్లి గోడమీద పాకితే ఏ కాలు ముందు వేసిందో చెప్పేవాడు. ఎవరైనా రేడియో బాగు చేయమని తెస్తే విప్పకముందే దాని రోగం వినేవాడు. పెళ్లికైనా, ఉరుసుకైనా, చర్చి పండుగకైనా, ఏ పార్టీ మీటింగుకైనా ఆయన మైకే. ఆ మీటింగుల కరపత్రాలు నేను టైపు చేసేవాణ్ని, తర్వాత మైకు పట్టుకుని అనౌన్సుమెంట్లు కూడా చేసేవాణ్ని. ‘మరికొద్ది క్షణాల్లో మన ప్రియతమ నాయకులు...’ అని నేను అంటే పెన్నలో నీళ్లు లేకపోయినా అలలు లేచేవి. అప్పట్లో నాకు ముప్ఫై ఏళ్లు, నా గొంతు మీద నాకు విపరీతమైన ప్రేమ.

ఆ రోజుల్లోనే కువైట్ నుంచి ఆయన మేనల్లుడు ఖాదర్ సెలవుమీద పులివెందుల వచ్చాడు. మూడు పాటల ప్లేయర్లు తెచ్చాననీ, నచ్చింది తీసుకొమ్మనీ కబురు చేశాడు. ముద్దనూరు మీదుగా బస్సులో పోయాం. నేను ఒంటికాలి మీద నిలబడ్డాను, రెండోది ఎవరి కాలో నాకిప్పటికీ తెలియదు. ఖాదర్ మూడింటినీ చాపమీద పరిచి, ‘దీంట్లో వెయ్యి పాటలు పడతాయి మామా’ అన్నాడు.

‘పడతాయిలే. బస్సులో ఈ అప్పనూ నన్నూ కుక్కినట్ల కుక్కితే రెండువేలు పడతాయి’ అన్నాడు మస్తాన్ మామ. ‘పాటలు తర్వాత. మొదుట ఇది ఎక్కించు.’

జేబులోంచి ఒక సీడీ తీశాడు. అందులో ఉన్నదే ఈ ఖాళీ పాట. తన షాపులో మధ్యాహ్నం షట్టరు సగం దించి, మంచి మైకు ఒకటి పెట్టి, ఊరికే కూర్చుని రికార్డు చేసుకున్నాడట. మిగతా ప్రపంచమంతా పాట పెట్టి ప్లేయర్‌ను ఎంచుకుంటే, ఆయన నిశ్శబ్దం పెట్టి ఎంచుకునేవాడు. ఏమీ లేనిచోట యంత్రం తన సొంత గోల ఎంత కలుపుతుందో తెలిస్తే చాలునట.

మొదటిది చెవిలో పెట్టుకుని తీసేశాడు. ‘నూనెలో ఆవాలేసినట్ల చిటచిటమంటాంది. వద్దు.’ రెండోది విని మొహం చిట్లించాడు. ‘ఇది మరీ మూగది. ఉన్నదాన్ని గూడా మింగేస్తాంది.’ మూడోది పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. నాలుగు నిమిషాలూ కదల్లేదు. మూడో నిమిషం దగ్గర మాత్రం చిన్నగా నవ్వాడు.

‘ఏంది మామా, ఏం వినపడ్తాంది?’ అన్నాను.

‘ఉండాదిలే ఒకటి. అది వినపడే యంత్రమే నాకు కావాల.’

లాక్కుని నేనూ విన్నాను. గుండుసున్న. ‘నాకేం వినపళ్లేదే!’

‘నీకు యాడ వినపడ్తాదప్పా? వినేదానికి గమ్మునుండాల గదా’ అన్నాడు. ఖాదర్ తాగుతున్న టీ పొలమారి దగ్గాడు.

ఆ ప్లేయర్‌ను ఆయన వాడిన తీరు చూసి నాకు చిరాకేసేది. వెయ్యి పాటలు పట్టే దాంట్లో పదకొండే పెట్టుకున్నాడు. మధ్యాహ్నం అన్నం తిని, షట్టరు సగం దించి, ముందు ఖాళీ పాట వినేవాడు. తర్వాత ఒక్క పాట. అంతే, ఆ రోజుకు కచేరీ సమాప్తం. సౌండు పెంచమని నేను మీటమీద చెయ్యి వేస్తే వేళ్లమీద కొట్టేవాడు. ‘గట్టిగా పెడితే తప్పులన్నీ దాక్కుంటాయప్పా. నెమ్మదిగా పెట్టు, ఒక్కోటి బయటికి వస్తాది’ అనేవాడు. ఆయన అన్నది పాట గురించే.

ఆ భోగం నలభై రోజులు. ఎలక్షన్లు వచ్చాయి.

రాజుపాలెం వైపు ఒక ఊరు. పేరు చెప్పను, నాకింకా అక్కడ చుట్టాలున్నారు. పైవీధి ఒక పార్టీ, కిందివీధి ఇంకో పార్టీ. పైవీధి నాయకుణ్ని పెద్దాయన అనేవారు, కిందివీధి నాయకుణ్ని అవతలాయన అనేవారు. ఇద్దరి జీపులూ ఒకే రంగు, ఇద్దరి మీసాలకూ ఒకే మంగలి. ఆ ఊళ్లో మైకు కట్టడానికి ఒక కట్టుబాటుంది. ఉమ్మెత్త పువ్వులా విచ్చుకునే ఆ హారన్ల మూతి ఎదుటివాళ్ల వీధివైపు ఉండకూడదు. ఉంటే, వాళ్ల గుమ్మంలో నిలబడి తొడ కొట్టినట్టే లెక్క. మస్తాన్ మామకు ఈ సంగతి నమాజు వేళలంత బాగా తెలుసు. కట్టే ప్రతి హారన్‌కూ పెద్దమనుషుల్ని పిలిచి, ‘మూతి ఇట్ల ఉంటే సరిపోతాదా?’ అని అడిగి మరీ బిగించేవాడు.

ఆ రోజు సాయంత్రం నాలుగు గంటలకు పెద్దాయన మీటింగు. ఒక హారన్ మూతి శనగల గోదాము వైపుంది. మాట గోదాము గోడకు తగిలి తిరిగొచ్చి, ఒక్కోటి రెండుగా వినిపిస్తోంది. మస్తాన్ మామ చెవులు అది భరించలేకపోయాయి. మీటింగు మొదలయ్యాక స్టేజీ వెనకున్న స్తంభమెక్కి ఆ మూతిని ఒక జానెడు పక్కకు తిప్పాడు. గోడ తప్పింది, మాట శుభ్రంగా వచ్చింది. ఆ జానెడులో కిందివీధి ఉంది.

పది నిమిషాల్లో బాంబు పడింది. ఆయన ఆ స్తంభం కిందే, ఆంప్లిఫైయర్ పక్కన కూర్చుని ఉన్నాడు. ఎడమ చెవి అక్కడికక్కడే పోయింది. ఆ వారం తిరిగేలోపు పైవీధిలో ఒకరు, కిందివీధిలో ఒకరు చచ్చారు.

ఆసుపత్రికి పెద్దాయన వచ్చాడు, వెనక అరడజను మంది. ఆపిల్ పండ్లు తెచ్చాడు, మూడు తన మనుషులే తిన్నారు. ‘హారన్ ఎవుడు తిప్పింది?’ అని అరిచాడు. నేను మంచం తలవైపు నిలబడి ఉన్నాను. మస్తాన్ మామకు వినపడలేదు. కుడి చెవి ఇటు తిప్పి, మళ్లీ చెప్పమన్నాడు. పెద్దాయన మళ్లీ అరిచాడు.

‘నేనే తిప్పినా అయ్యా. మాట రెండుగా వస్తాండె.’

‘నీ చెవి సోకు కోసం మా ఊరిని తగలబెడ్తివి గదరా!’

ఇదీ నా కోపం. ఆ బాంబు ఎవడు చుట్టాడని ఎవరూ అడగలేదు. రెండు వీధుల గడ్డివాముల్లోనూ ఎన్ని దాచారని అడగలేదు. అవి ఆకాశం నుంచి వడగళ్లలా రాలినట్టు, కారణమంతా ఒక జానెడు రేకు ముక్కే అయినట్టు, పోలీసులు అదే అడిగారు, పార్టీలవాళ్లు అదే అడిగారు, చివరికి పెళ్లికి మైకు కావాల్సిన ఆడపిల్ల తండ్రి కూడా అదే అడిగి వేరే షాపుకు పోయాడు. మూతి తిప్పిన మస్తాను అని పేరు పడింది. బాంబు చుట్టినవాళ్లకు మాత్రం ఏ పేరూ పడలేదు. వాళ్లలో ఒకడు కౌన్సిలరు కూడా అయ్యాడు.

కట్లు విప్పాక ఒక మధ్యాహ్నం ఆయన ఆ ప్లేయర్ చెవిలో పెట్టుకుని ఖాళీ పాట విన్నాడు. నేను ఎదురుగా కూర్చున్నాను. తీసేసి నా చేతిలో పెట్టాడు.

‘నువ్వు పెట్టుకో అప్పా. యంత్రంలో ఏ మచ్చా ల్యా. కుడి చెవిలోనే ఒకటే కూత, రేయింబగళ్లు. నాకింక ఖాళీ అనేది యాడ దొరుకుతాది?’

మూడేళ్లకు పెద్దాయన, అవతలాయన రాజీ పడ్డారు. ఒకే పార్టీలో చేరి, జమ్మలమడుగులో ఒకే స్టేజీ మీద కౌగిలించుకున్నారు. ఆ మీటింగుకు మైకుసెట్టు ఎవరిదనుకున్నారు? మస్తాన్ మామదే. పెద్దాయన మెట్లెక్కుతూ, ‘ఏం మస్తానూ, బాగుండావా? అదంతా ఆ కాలం లే’ అని ఆయన భుజం తట్టాడు. ఎడమ భుజం. నేను అగ్గయిపోయాను. ‘మామా, ఒక్క మీట తిప్పు. ఆ మైకును కుయ్యోమనిపియ్. ఇద్దరి చెవులూ పగలాల!’ అన్నాను.

‘ఎదురుగా కూసున్న జనం చెవులేం చేసినాయప్పా?’ అన్నాడు. ఒంటిచెవితో, గోలలోంచి వెతుక్కుని వెతుక్కుని మీటలు సర్దాడు. ఆ రోజు ఆ ఇద్దరి అబద్ధాలు అద్దంలా స్పష్టంగా వినిపించాయి. నాలుగు రోజులు ఆయన్ని తిడుతూ తిరిగాను. ఆయన పోయి ఆరేళ్లవుతోంది.

ఇక నేను చూపిస్తానన్న చోటు. బస్సులో కాలు, ఆపిల్ పండ్లు, పెన్నలో అలలు, ఇవన్నీ నురగే. అబద్ధం ఒక్కటే. మస్తాన్ మామ స్తంభమెక్కలేదు. ఎక్కింది నేను. రెండుగా తిరిగొస్తున్నది నా అనౌన్సుమెంటు. నా ముద్దుల గొంతు గోదాము గోడకు తగిలి పాడైపోతోందని, ఆయన వద్దు వద్దని చేతులు ఊపుతున్నా, ఎక్కి తిప్పాను. ఆసుపత్రిలో ఆయన నేనే తిప్పినా అన్నప్పుడు నేను నోరు మూసుకున్నాను. జీవితంలో నేను గమ్మునున్నది ఆ ఒక్కసారే. ఆ తర్వాత ఇరవై ఏళ్లు ఎవరడిగినా, ‘మామ చెవులు భరించలేకపోయాయి’ అని పైన రాసినట్టే చెబుతూ వచ్చాను. ఆయన ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

నిన్న మధ్యాహ్నం కొత్త ప్లేయర్‌లో ఖాళీ పాట మళ్లీ పెట్టాను. సౌండు తగ్గించి, ఆయన చెప్పినట్టే. మూడో నిమిషంలో దొరికింది. అట్టముక్క గోడ అవతల టైపుమిషను టకటకలు. అవి ఆగి, ఒక గొంతు ‘మరికొద్ది క్షణాల్లో’ అంది. బాగా రాలేదనుకుని మళ్లీ అంది. మూడోసారి ఇంకాస్త సాగదీసి అంది. పులివెందులలో చాపమీద కూర్చుని ఆయన నవ్వింది అక్కడే.

రేపు ప్రొద్దుటూరు పోతున్నాను. ఆ షాపాయనకు ఇదంతా చదివి వినిపించాలి. మైకు లేకుండా.