జానెడు పదును

మొన్న మా ఇంటికి ఒక అట్టపెట్టె వచ్చింది, మనవరాలు ఫోనులో నొక్కి తెప్పించుకున్న బూట్లట. ఉన్న రెండు జతలూ గుమ్మం పక్కన కొత్తవాసన పోకుండానే పడి ఉన్నాయి. బూట్లకంటే వాటి చుట్టూ కుక్కిన కాగితమే ఎక్కువగా ఉంది. ఆ కాగితాన్ని మడతపెడుతూ కూర్చుంటే నాకు ఒక మట్టిపెళ్ల గుర్తుకు వచ్చింది. నా ఈడువాళ్లు నవ్వరనే ధైర్యంతో చెబుతున్నాను.

రాప్తాడు దగ్గర ఒక ఆఫీసులో గుమాస్తాగా చేరిన తొలి ఏళ్లు అవి. ఆఫీసు వెనుక వానను కొలిచే డబ్బా ఉండేది, రోజూ పొద్దున దానిలోని నీళ్లు కొలిచి పుస్తకంలో రాయడం నా పని, ఆ అంకెను బట్టే చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ వాన పడినట్టో పడనట్టో తేలిపోయేది. మా మేనత్త ఊళ్లో కొలత వేరు. వాన వెలిసిన మరునాడు చేనులో చేత్తో తవ్వి, తడి జానెడు దిగితేనే పదునైందని వేరుశనగ విత్తేవాళ్లు. అంతకు తక్కువైతే, ఆకాశం ఎంత ఉరిమి ఉన్నా సరే, వాన రాలేదనే చెప్పేవాళ్లు.

ఆ ఏడు ఒక సాయంత్రం మేఘం సరిగ్గా మా ఆఫీసు మీదే కుమ్మరించి పోయింది. డబ్బా నిండింది, నేను దర్జాగా రాసేశాను. ఆ అంకె చూసి పైవాళ్లు కరువు ఊళ్ల జాబితాలోంచి మేనత్త ఊరిని కొట్టేశారు, దాంతో పశువులకు సర్కారు నుంచి రావలసిన గడ్డి ఆగిపోయింది. గడ్డి లేకపోతే ఆమె కాడెద్దులు రెండూ సంతకు పోవలసిందే.

వారం తిరగకముందే ఆమె పదిమంది ఆడవాళ్లను వెంటబెట్టుకుని నడిచి వచ్చి, కొంగుముడి విప్పి, నేను రాసిన పుస్తకం మీదే ఎండిన మట్టిపెళ్ల పెట్టింది.

"నువ్వు రాసిన వాన యాడ కురిసిందిరా? మా చేన్లో అయితే పడలే," అన్నది. "మేము కట్టేది రెండు చీరలు, ఇంట్లో ఒక్క బుడ్డిదీపం. ఎవురి వంతు తిన్నామని వాన మమ్మల్నే ఇడిసిపెట్టింది?" అని అడిగింది.

ఆ పెళ్లను తీసుకెళ్లి మా అధికారికి చూపించాను. కొలత కొలతే అన్నాడాయన. ఇంట్లోవాళ్లు ఉద్యోగం ఊడుతుందని భయపడుతున్నా, ఈ అంకె ఆఫీసు పెరటిదే తప్ప ఆ ఊరిది కాదని రాసి సంతకం పెట్టాను. చివరికి అధికారి చేనుకు వచ్చి, మేనత్త చెప్పినట్టే చేత్తో తవ్వి చూశాడు, రెండు వేళ్ల లోతు కూడా తడి లేదు. గడ్డి బండ్లు వచ్చాయి కానీ అప్పటికే ఒక ఎద్దు సంతకు పోయింది. మిగిలినదానికి పక్కింటి ఎద్దును జతకట్టి ఆమె మళ్లీ సేద్యం చేసింది.

ఆమె ప్రశ్నకు జవాబు నాకు ఇన్నేళ్లకు తెలిసింది. అక్కర లేకుండా కొని, పారేసి, మళ్లీ కొనే ఇళ్ల కోసం ఎక్కడో ఫ్యాక్టరీలు పొగ కక్కుతాయి, వానల తీరు తప్పుతుంది, దెబ్బ మాత్రం రెండు చీరలవాళ్ల చేను మీద పడుతుంది. అందుకే వాళ్లకిచ్చే గడ్డిని ఎవరైనా దయ అంటే నేను ఊరుకోను, అది వాళ్ల హక్కని ఏ సభలోనైనా నిలబడి చెబుతాను.

మనవరాలికీ చెప్పాను. ఒక పూట అలిగి, తరువాత ఆ పెట్టెను తనే అతికించి తిరిగి పంపింది.

ఇప్పుడు మేనత్త ఊళ్లోనే వాన కొలిచే యంత్రం ఉంది. మేము పోట్లాడింది ఊరి వానను ఊళ్లోనే కొలవాలని కాబట్టి సంతోషమే, కానీ చేనులో చెయ్యి పెట్టి చూసేవాళ్లే కరువయ్యారు. నిన్న జల్లు పడితే పెరట్లో వంగి తవ్వాను, బొటనవేలంత లోతే తడిసింది. ఫోను మాత్రం మంచి వాన కురిసిందన్నది. మేనత్త బతికి ఉంటే దాని మీద ఒక పెళ్ల పెట్టేది.