కండక్టరు చదివిన ఐదో ప్రార్థన

ఆ చర్చికి మైకు రాకముందు కండక్టరే మైకు. ముప్పై రెండేళ్ళు తొమ్మిదో నంబరు బస్సులో "ముందుకు జరగాలి, ముందుకు జరగాలి" అని అరిచి అరిచి సానబట్టిన గొంతు అది. ఒకసారి మార్కెట్ స్టాపులో ఆయన "హోల్డాన్" అంటే తన బస్సుతో పాటు ఎదురుగా వస్తున్న వేరే డిపో బస్సు, దాని వెనక పాల వ్యాను, ఆ వెనక పెళ్ళికొడుకు కారు కూడా ఆగిపోయాయట. ఆ తర్వాత పెళ్ళి జరిగిందా ఆగిందా అన్నది కండక్టరు ఆ కథ చెప్పే రోజును బట్టి మారుతుంది.

అలాంటి గొంతును ఊరికే వదలకూడదని పాత ఫాదరు గారెవరో ఆదివారం పూజలో విశ్వాసుల ప్రార్థనలు చదివే పని అప్పగించారు. ప్రసంగం అయ్యాక జనంలోంచి ఒకరు ముందుకొచ్చి రోగుల కోసం, పాలకుల కోసం, చనిపోయినవాళ్ళ కోసం వరసగా ఐదు మనవులు చదవాలి. ఒక్కో మనవి చివర "ప్రభువును ప్రార్థిద్దాం" అనాలి. జనమంతా "ప్రభువా, మా ప్రార్థన ఆలకించండి" అంటారు. అంతే, మూడు నిమిషాల పని. ఆ మూడు నిమిషాలను కండక్టరు ఇరవై ఆరేళ్ళు ఎవరికీ వదల్లేదు.

"ఫాదర్లు డ్రైవర్లురా" అనేవాడాయన, సత్యోపదేశం క్లాసు పిల్లలతో. "స్టీరింగు వాళ్ళ దగ్గరే ఉండనీ. కానీ వెనక జనం ఎక్కారో లేదో, ఎవరి కాలు బయట వేలాడుతోందో డ్రైవరుకేం తెలుస్తుంది? బెల్లు కొట్టాల్సింది మనమే."

"మరి దేవుడు ఎక్కడుంటాడు తాతా?"

"ఫుట్‌బోర్డు మీద. భక్తులంతా లోపల సీట్లు పట్టేసుకున్నాక పాపం ఆయనకి ఇంకెక్కడ దొరుకుతుంది చోటు?"

మనవులు చదివేవాడికి తప్ప ఇంకెవరికీ తెలియని రహస్యం ఒకటి ఆయన మొదటి ఏడాదే కనిపెట్టాడు. వాటిని ఎవరూ వినరు. "ప్రార్థిద్దాం" అన్న మాట చెవిన పడగానే మూడు వందల నోళ్ళు వాటంతటవే తెరుచుకుంటాయి, అంతే. ఈ సంగతి ఇంట్లో చెబితే అక్క నమ్మలేదు. పందెం కట్టుకున్నారు. మరుసటి ఆదివారం ఆయన రోగులకూ మృతులకూ మధ్యలో "బుధవారం పోయిన, పిడి విరిగిన నా నల్ల గొడుగు తిరిగి ఇల్లు చేరాలని ప్రభువును ప్రార్థిద్దాం" అని చదివాడు. మూడు వందల మంది ఏ తడబాటూ లేకుండా ఆలకించమన్నారు. మర్నాడు ఉదయానికి గుమ్మం దగ్గర గొడుగు ఉంది. అక్క మాత్రం అది పక్కవాటా వాళ్ళు తీసుకెళ్ళి తెచ్చిపెట్టారంటుంది. కొత్త పిడి వేసి మరీ ఎవరు తెచ్చిపెడతారని కండక్టరు ఇప్పటికీ అడుగుతాడు.

ఇంకోసారి, "మన గురువుగారి ప్రసంగం పన్నెండు నిమిషాలు దాటకుండా కాపాడాలని" చదివితే, పీఠం దగ్గర కళ్ళు మూసుకుని చేతులు జోడించిన ఆ గురువుగారు కూడా అందరితో పాటు ఆలకించమన్నారు. ఆ మధ్యాహ్నానికే ఆయనకు ఎవరో చెప్పేశారు. మొదటి హెచ్చరిక అది. తర్వాత వచ్చిన ఫాదరు గారు రెండోది ఇచ్చారు. ఇప్పుడున్న కుర్ర ఫాదరు వచ్చిన నెలకే మూడోది ఇచ్చి, "ఇదే ఆఖరిది కండక్టర్ గారూ" అని గట్టిగా చెప్పారు.

కండక్టరు, అక్క ఉండేది సైకిళ్ళ షాపు పైన రెండు గదుల్లో. అమ్మ పోయినప్పుడు ఆయనకు ఆరేళ్ళు, అక్కకు పదమూడు. పెంచింది అక్క. ఆయన భార్య పోయాక అన్నం పెట్టిందీ అక్కే. ఇప్పుడు ఆమె రెండు కిడ్నీలూ పనిచేయడం మానేశాయి. వారానికి మూడుసార్లు ఆసుపత్రికెళ్ళి నాలుగు గంటలు డయాలసిస్ మిషను పక్కన పడుకోవాలి. ఇంటి ముందు తొమ్మిదో నంబరు ఎక్కితే ఆసుపత్రి గేటు దగ్గర దింపేది.

ఆ తొమ్మిదో నంబరును తీసేశారు. ఎక్కేవాళ్ళు లేరట. లెక్కపెట్టడానికి వచ్చిన ఆఫీసరు సెలవు రోజున వచ్చి లెక్కపెట్టాడు. కండక్టరు డిపోకి వెళ్తే, ఒకప్పుడు తన చేతికింద పని నేర్చుకున్నవాడే కుర్చీలో వెనక్కి వాలి, "కౌన్సిలర్ గారు ఒక ముక్క రాసిస్తే చూద్దాం గురూజీ" అన్నాడు. కౌన్సిలరు ఆఫీసులో పీఏ "నోట్ చేసుకున్నాం" అన్నాడు. నాలుగుసార్లు వెళ్తే నాలుగుసార్లూ నోట్ చేసుకున్నాడు, పెన్ను మూత తీయకుండానే.

అప్పటి నుంచి అక్క మెయిన్ రోడ్డు దాకా నడిచి రెండు బస్సులు మారాల్సి వచ్చేది. ఒకరోజు తిరిగి వస్తూ బ్యాంకు మెట్ల మీద కూలబడిపోయింది. వారానికి ఆరుసార్లు ఆటో అంటే కండక్టరు పింఛను పదో తారీఖుకే దిగి వెళ్ళిపోతుంది. ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ ఆమె మామూలుగా అంది: "ఈ వారం నుంచి రెండుసార్లే వెళ్తాన్రా. చాలు."

"చాలని డాక్టరు చెప్పాడా?"

"నా కాళ్ళు చెప్పాయి."

"కాళ్ళకేం తెలుసు కిడ్నీల సంగతి?" అని కసిరి, కంచం ముందు నుంచి లేచిపోయాడు. మూడు రెండైతే ఏమవుతుందో డాక్టరు ఒకసారి ఆయన్ని పక్కకు పిలిచి చెప్పాడు.

సరిగ్గా ఆ వారమే ఫాదరు గారు కబురు చేశారు. కౌన్సిలరు చర్చికి కొత్త మైకుసెట్టు ఇచ్చాడు. ఆదివారం పూజకు స్వయంగా వచ్చి, చివర్లో నాలుగు మాటలు మాట్లాడతాడు.

"ఐదు మనవులూ టైపు చేయించాను" అని ఫాదరు గారు కాగితం చేతిలో పెట్టారు. "ఉన్నదున్నట్టు చదవండి. ఒక్క అక్షరం ఎక్కువైనా వచ్చే వారం నుంచి టీచరమ్మ చదువుతుంది."

కండక్టరు ఐదోది పైకి చదివాడు. "దాత అయిన మన కౌన్సిలర్ గారికి ఆయురారోగ్యాలు ఇవ్వాలని. ఆరోగ్యం ఈయనకా ఫాదర్ గారూ? మా అక్కకి బస్సు లేదు."

"నాకు తెలుసు. నేనూ ఉత్తరం రాశాను. కానీ చర్చిలో రాజకీయాలు వద్దు."

"మనం రాజకీయాల దగ్గరికి వెళ్ళట్లేదు కదండీ. అవే వచ్చి ముందు వరసలో కూర్చుంటున్నాయి."

ఫాదరు గారికి నవ్వు వచ్చింది. దాన్ని దగ్గుగా మార్చుకుని, "ఒక్క అక్షరం" అని వేలు చూపించారు.

ఆదివారం ఉదయం చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే అక్క వచ్చి ఆయన జేబులో చెయ్యి పెట్టి మడతపెట్టిన చీటీ బయటికి తీసింది. చదివి మళ్ళీ జేబులోనే పెట్టింది.

"ఒరేయ్, నీకున్న సరదా ఆ మూడు నిమిషాలే. నా కోసం పోగొట్టుకోకు."

"ఊరికే పెట్టుకున్నాలే అక్కా. చదవను."

నిజంగానే చదవకూడదనే అనుకున్నాడు. ఆ మూడు నిమిషాలూ పోతే ఆదివారమంటే ఏం మిగులుతుందో ఆయనకు అర్థం కాలేదు.

కౌన్సిలరు తెల్ల బట్టల్లో ముందు వరసలో కూర్చున్నాడు. ఆయనకు పూజ కొత్త. అందుకే పీఏ ముందుగానే పాఠం చెప్పి ఉంచాడు: అందరూ లేస్తే లేవండి సార్, అందరూ ఏమంటే అదే అనండి సార్, కొంచెం గట్టిగా అనండి సార్. చివర్లో ప్రసంగానికి ఆలస్యం కాకూడదని కొత్త సెట్టులోని కాలరు మైకును ముందే తగిలించాడు. దాన్ని ఆపి ఉంచాలని మాత్రం ఇద్దరిలో ఎవరికీ తోచలేదు.

కండక్టరు మొదటి మనవి చదివాడు. జనం ఆలకించమన్నారు. వాళ్ళ వెనకగా అర క్షణం ఆలస్యంగా, నాలుగు స్పీకర్లలోంచీ కౌన్సిలరు గొంతు "ఆలకించండి" అని మోగింది. రెండోదానికి ఆయన జనంతో కలిశాడు. మూడోదానికి జనాన్ని దాటిపోయాడు. తన గొంతు అంత గంభీరంగా వినిపిస్తుంటే ఆయనకే ముచ్చటేసినట్టుంది, నాలుగోదానికి కళ్ళు కూడా మూసుకున్నాడు.

కళ్ళు మూసుకున్నాడంటే వినడం మానేశాడన్నమాట. ఈ సంగతి కండక్టరుకు తెలిసినంతగా ప్రపంచంలో ఎవరికీ తెలియదు. ఆయన మూడో వరసలో ఉన్న అక్క వైపు చూశాడు. ఆమె వద్దని చెయ్యి ఊపింది. ఊపుతున్న ఆ చేతికి సూదులు గుచ్చీ గుచ్చీ నల్లబడ్డ మచ్చలు ఇంత దూరానికి కనిపించాయి. ఆయన చెయ్యి తనంతట తానే జేబులోకి వెళ్ళింది.

"దాత అయిన మన కౌన్సిలర్ గారికి ఆయురారోగ్యాలు ఇవ్వాలని" అని మొదలుపెట్టి, ఊపిరి పీల్చుకుని, కండక్టరు గొంతులోకి దిగాడు. "ఆ ఆరోగ్యంతో ఆయన మన తొమ్మిదో నంబరు బస్సును ఎనిమిది రోజుల్లో తిరిగి తెప్పించాలని, తెప్పించకపోతే వచ్చే ఎన్నికల్లో ఈ బెంచీల మీదున్న ఒక్క ఓటు కూడా ఆయన బండి ఎక్కకూడదని, ప్రభువును ప్రార్థిద్దాం."

ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి జనం విన్నారు. బస్సు అన్న మాట దగ్గరే అందరి చెవులూ నిక్కపొడుచుకున్నాయి. విన్నారు కాబట్టి నోళ్ళు తెరుచుకోలేదు. ఆ నిశ్శబ్దంలో, కళ్ళు మూసుకుని, చేతులు జోడించి, నాలుగు స్పీకర్లూ అదిరేలా, కౌన్సిలరు ఒక్కడే అన్నాడు.

"ప్రభువా, మా ప్రార్థన ఆలకించండి!"

కళ్ళు తెరిచి చూస్తే అందరూ తననే చూస్తున్నారు. పీఏ మొహం గోడకున్న సున్నంలా ఉంది. ముందుగా ఎవరో ముసలమ్మ కిసుక్కుమంది. తర్వాత మూడు వందల మందీ కలిసి ఆ మాటే అన్నారు. ఎలా అన్నారంటే, మూలనున్న పునీత జోజప్ప గారి విగ్రహం చేతిలోని లిల్లీ పువ్వు ఊగిందని కండక్టరు ప్రమాణం చేసి చెబుతాడు. అది సున్నపు పువ్వు.

పూజయ్యాక కౌన్సిలరు తన నాలుగు మాటలనూ రెండుకు కుదించుకున్నాడు: "మీ ప్రార్థనే నా ప్రార్థన." అంతకన్నా చేయగలిగింది కూడా ఏమీ లేదు. అప్పటికే ఆ ప్రార్థన పదిహేను ఫోన్లలో తిరుగుతోంది.

వస్త్రాలు మార్చుకునే గదిలో ఫాదరు గారు చెయ్యి చాపారు. కండక్టరు చీటీ, టైపు కాగితం రెండూ ఆ చేతిలో పెట్టాడు.

"ఒక్క అక్షరం అన్నాను."

"ఒక్కటని మొదలుపెట్టానండీ. వెనక జనం ఎక్కువైపోయారు."

"వచ్చే వారం నుంచి టీచరమ్మ" అన్నారు ఫాదరు గారు. ఆ తర్వాత చీటీని చింపకుండా మడిచి తన పుస్తకంలో పెట్టుకున్నారు.

బస్సు ఎనిమిది రోజుల్లో రాలేదు, పదకొండు పట్టింది. అదీ పొద్దున, మధ్యాహ్నం మాత్రమే. సాయంత్రం ట్రిప్పు ఇప్పటికీ లేదు. అయినా అక్కకు ఆ రెండూ చాలు. ఆమె మళ్ళీ వారానికి మూడుసార్లు వెళ్తోంది. తోడు వెళ్ళే కండక్టరు, అడిగినవాడు లేకపోయినా, స్టాపుల పేర్లు అరుస్తుంటాడు. టికెట్లు కొట్టే అమ్మాయి మొదట్లో విసుక్కుంది, ఇప్పుడు అరుపుల పని ఆయనకే వదిలేసి కూర్చుంటోంది.

ఆదివారాలే కష్టం. చదివే పని పోయాక వచ్చిన రెండో ఆదివారం కూడా ఆయన అక్క పక్కన, మూడో వరసలో, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియకుండా కూర్చున్నాడు. టీచరమ్మ సన్నటి గొంతుతో చదవడం మొదలుపెట్టింది. మొదటి మనవి విన్నాడు. మాటలు మింగేస్తోందనుకున్నాడు. రెండోది సగం విన్నాడు. మూడోదానికి ఆయన మనసు డిపోకి వెళ్ళిపోయింది. నాలుగు, ఐదు వచ్చాయి, పోయాయి. "ప్రార్థిద్దాం" అన్నప్పుడల్లా ఆయన నోరు దానంతటదే తెరుచుకుంది. ఐదోదానికైతే ఆయన గొంతే అందరికన్నా పైన వినిపించింది.

అక్క మోచేత్తో పొడిచింది.

"ఏమన్నావో తెలుసా?"

"ఆలకించండి అన్నాను."

"ఏది ఆలకించమన్నావ్? మన చర్చిలో వయసు పైబడిన మగవాళ్ళకి ప్రభువు మౌనమనే వరం ఇవ్వాలని చదివిందిరా టీచరమ్మ."

కండక్టరు తలెత్తి పీఠం వైపు చూశాడు. కుర్ర ఫాదరు కళ్ళు మూసుకుని, చేతులు జోడించి, మహా భక్తిగా ఉన్నారు. భుజాలు మాత్రం కొంచెం కదులుతున్నాయి.

"అక్కా, నా బస్సే పదకొండు రోజులు పట్టింది" అన్నాడాయన, చర్చి మొత్తానికీ వినిపించే గుసగుసతో. "ఇది అంత తొందరగా రాదులే."