క్యూఆర్ కోడ్‌కు మూడు బొట్లు

హిందూపురం నుంచి వెళ్లి పెనుకొండ దగ్గరి యూనివర్సిటీలో చేరిన కొత్త. ఆయుధ పూజ మర్నాడు ఆన్‌లైన్ పరీక్ష. హాస్టల్ గోడ మీది క్యూఆర్ కోడ్‌ను ఎంత స్కాన్ చేసినా నా కొత్త ఫోన్‌కు వైఫై రాలేదు. ముందే వైఫైకి కలిసిన ఫోన్లు మాత్రం బాగానే ఉన్నాయి. ఇదేం వింత అని దగ్గరికెళ్లి చూశాను. కోడ్ మూలల్లోని మూడు గళ్లకూ కుంకుమ బొట్లు!

తుడవబోతే వార్డెనక్క కేకేసింది. “ఏం పాపా, పూజ చేసిన బొట్టు చెరుపుతాండావా?”

“అక్కా, ఆ బొట్లుంటే ఫోన్ కోడ్‌ను చదవదు. నా పరీక్ష పోతాది!”

ఆమె బొట్లను తాకి కళ్లకద్దుకుని, తన కొంగుతోనే తుడిచింది. “బొట్టుకే గళ్లు గీసినారనుకుంటినే!”

ఫోన్ కలిసింది, పరీక్ష రాశాను. ఇప్పుడు ఏ అంగట్లో కోడ్ చూసినా, ఆ మూడు గళ్లకూ బొట్టు పెడదామని నా వేలు కుంకుమ కోసం వెతుకుతుంది.