రాయికీ రాయికీ మధ్య

మిరపకాయలు ఏరే రోజుల్లో మా ఊరివాళ్లం పికప్ బండి వెనక నిలబడి సరిహద్దు దాటి తెలంగాణ చేలకు పోయేవాళ్లం. నా చదువు ఐదో తరగతి దాటలేదు గానీ, చేతి గడియారంతో లెక్క కట్టడం సొంతంగా నేర్చుకున్నాను. కిలోమీటరు రాయి నుంచి రాయికి సెకండ్లు చూసి వేగం చెప్పేవాణ్ణి. ఏ బండి ఎక్కాలో ఊళ్లో నన్నే అడిగేవాళ్లు.

ఆ ఏడు బండి నడిపినవాడు కొన్ని పొద్దులు గంజాయి పీల్చి బయల్దేరేవాడు. పీల్చని రోజు రాయికీ రాయికీ డెబ్బై సెకండ్లు. పీల్చిన రోజు వంద. పదిసార్లు చూశాను. గంటకు యాభై ఒకటి నుంచి ముప్పై ఆరుకు దిగుతున్నాడు. "పీల్చినప్పుడే నయం, మెల్లగ పోతడు" అని అందరికీ చెప్పాను.

వాడు పీల్చొచ్చిన ఒక పొద్దు నా భార్య ఒప్పుకోలేదు.

"వాని కండ్లు జూసినవా? నేనెక్క."

"ముప్పై ఆరే పోతడే. నన్ను నమ్ము."

"ఆ గడియారాన్నే పెండ్లి చేసుకోకపోయినవా," అని నవ్వుతూ ఎక్కింది.

దారిలో మద్దేడ్ ఊరు దాటాక రెండు ఎడ్లు రోడ్డు మీదికొచ్చి నిలబడ్డాయి. క్యాబిన్ పైనుంచి నాకు దూరంగానే కనిపించాయి. ఆపుతాడులే అనుకున్నాను. అలవాటుగా సెకండ్లు లెక్కపెడుతున్నాను. ఒకటి, రెండు, మూడు. వేగం తగ్గలేదు. నాలుగుకు అందరం క్యాబిన్ మీద చేతులతో గుద్దాం. ఆరుకు వాడు ఒక్కసారిగా పక్కకు తిప్పాడు. బండి కాలువలో తిరగబడింది. నా భార్య కుడికాలు దాని కింద ఉంది.

మోకాలి కింద తీసేశారు.

ఆమె ఆసుపత్రిలో ఉండగానే ఆ చోటికి వెళ్లి అడుగులతో కొలిచాను. ఆ వేగానికి సెకండుకు పది మీటర్లు, ఆరు సెకండ్లకు అరవై. ఆపుకోవడానికి చాలినంత దూరం. రోడ్డు మీద బ్రేకు గీత ఒక్కటీ లేదు. ఎదర ఎడ్లను చూశాక వాడి కాలు బ్రేకు మీదికి పోవడానికి ఎంతసేపు పడుతుందో నేను ఏ రోజూ కొలవలేదు.

ఈ ఏడు వేరే బండి, వేరే డ్రైవరు, అదే వాసన. అడ్డం నిలబడి ఎక్కొద్దన్నాను.

"ఏందన్నా, పీల్చినోడు మెల్లగ పోతడని నువ్వే జెప్తివి గదా?" అంది ఒకామె, పైకెక్కుతూనే.

"తప్పు జెప్పిన చెల్లే."

"నీ లెక్క తప్పేంది? ఎడ్లు అడ్డమొచ్చినయ్ గాని!"

బండి మెల్లగానే కదిలింది. మా ఇంటి గడప దగ్గర మంచం మీద కూర్చున్న నా భార్య అది మలుపు తిరిగేదాకా చూసింది.

"ఎంతమంది ఎక్కిన్రు?" అని అడిగింది.

"పద్దెనిమిది," అన్నాను.