డ్రమ్ముల మీద తువ్వాళ్ళు

అతన్ని అందరూ దరువు అంటారు. ఆ పేరు పెట్టింది అక్క. ఐదేళ్ళప్పుడు డబ్బాలు, మూతలు, బకెట్లు, చివరికి పక్కింటివాళ్ళ తలుపు కూడా వదలకుండా బాదుతుంటే విసుక్కుంటూనే ముద్దుగా అలా పిలిచింది. అమ్మ పోయాక ఇంటిని నెత్తినేసుకున్నదీ అక్కే. మొదటి జీతంతో తనకు చెప్పుల జత కూడా కొనుక్కోకుండా తమ్ముడికి పాత డ్రమ్ములు కొనిపెట్టింది. అందుకని ఈ కథలో ఎవరినైనా తిట్టాలనిపిస్తే అక్కను మాత్రం తిట్టకూడదని ముందే చెబుతున్నాను.

దరువు బతుకుతెరువు కళ్ళద్దాల షాపులో. వెనక గదిలో మిషను ముందు కూర్చుని, అద్దాన్ని ఫ్రేము కొలతకు అరగదీసి బిగించాలి. చెయ్యి వెంట్రుకవాసి అటూ ఇటూ అయితే అద్దం బీటలు వారుతుంది. పగలంతా ఊపిరి బిగబట్టి చేసే ఆ పనిని అతను భరించింది ఒకే ఒక్క ధైర్యంతో. సాయంత్రం బ్యాండుంది, అక్కడ చేతులు విప్పేసుకోవచ్చు.

బ్యాండు బావది. అంటే అప్పటికింకా బావ కాలేదు. దరువు డ్రమ్ములు చూడ్డానికొచ్చిన అక్కను చూసి తర్వాత బావయ్యాడు. బావ పాటలు రాసి, గిటారు వాయిస్తూ పాడేవాడు. బడిలో లెక్కలు చెప్పే మాస్టారొకాయన బేస్ గిటారు పట్టేవాడు. సాధన లారీలు బాగుచేసే షెడ్డు వెనక గదిలో. అక్కడ పొద్దస్తమానం సుత్తి దెబ్బలే కాబట్టి వీళ్ళ గోల ఎవరికీ పట్టలేదు. ఆ గదిలోంచి పుట్టిన మొదటి ఆల్బమ్‌కి కుర్రకారు చెవులు కోసుకున్నారు. పెద్ద పేపర్లు పట్టించుకోలేదు. పట్టించుకోనందుకు అభిమానులు ఇంకా సంతోషించారు, ఇది మన సొంత బ్యాండు అనుకున్నారు.

అదే ఏడాది షెడ్డు కూలగొట్టారు. అదే నెలలో అక్కకు పాప పుట్టింది.

ఇక్కడే అసలు సంగతుంది, జాగ్రత్తగా వినండి. వేరే గది దొరక్క సామాను బావ వాళ్ళ మూడో అంతస్తు ఫ్లాట్‌లో ముందు గదికి చేరింది. అక్కకు రక్తపరీక్షల ల్యాబులో మధ్యాహ్నం డ్యూటీ. ఆ వేళ పాపను చూసుకోవడం బావ వంతు. పాప మెలకువగా ఉన్నంతసేపూ బావ చేతుల్లో పాపే, గిటారుకు చోటు లేదు. పాప నిద్రపోయేది రెండు నుంచి నాలుగు దాకా. సాధన ఎప్పుడు చెయ్యాలి మరి? ఆ రెండు గంటలే. ఎలా చెయ్యాలి? పాప లేవకుండా చెయ్యాలి.

దరువు షాపు సెలవు రోజుల్లో వచ్చి, బీరువాలోంచి తువ్వాళ్ళు తీసి, ఒకటి చిన్న డ్రమ్ము మీద పరిచాడు. ఒకటి పక్క డ్రమ్ము మీద. కాలితో తన్నే పెద్ద డ్రమ్ములోకి దుప్పటి కుక్కాడు. ఇత్తడి పళ్ళేల్లాంటి సింబల్స్‌కి పాప పాత చొక్కాలు తొడిగాడు. మేనకోడలి కోసం ఆ మాత్రం చెయ్యడా ఏమిటి, ఆ పిల్లంటే అతనికి ప్రాణం. ఎవరెత్తుకున్నా గుక్కపెట్టి ఏడ్చే పిల్ల అతని ఒళ్ళో పడితే కిమ్మనకుండా నిద్రపోయేది. రికార్డింగు కూడా ఆ గదిలోనే కానిచ్చారు. ఒక పాట నడుమ పాప కదిలినట్టు అనిపించి బావ గొంతు తగ్గించి గుసగుసలాడాడు. మళ్ళీ పాడే ఓపిక లేక దాన్నలాగే ఉంచేశారు.

రెండో ఆల్బమ్ బయటికొచ్చింది. అభిమానులు దుమ్మెత్తిపోశారు. అమ్ముడుపోయారన్నారు, ముసలాళ్ళయిపోయారన్నారు, పెద్ద పేపర్ల మెప్పు కోసం వెన్నెముక తీసి పక్కన పెట్టారన్నారు. ఒకడు రాశాడు, "డ్రమ్ములు వాయిస్తున్నాడా, ఎవరి పిల్లనైనా జోకొడుతున్నాడా?" అని. తిట్టినవాళ్ళందరిలో నిజం పట్టుకున్నవాడు అతనొక్కడే. దరువు ఆ ముక్కను ఎన్నిసార్లు చదువుకున్నాడో లెక్కలేదు. అవునండీ, మా మేనకోడలినే అని జవాబు రాసి, పంపకుండా తుడిచేశాడు.

తిట్లతో ఆగిపోయినా బాగుండేది. నగరంలో పేరున్న పేపర్లో పేరున్న విమర్శకుడు సగం పేజీ నింపి ఆల్బమ్‌ని ఆకాశానికెత్తాడు. అరుపుల కాలంలో మౌనాన్ని ఎంచుకున్న సాహసమట. ఆ గుసగుస పాట ఈ తరం భయానికి గొంతట. "ఈ డ్రమ్మర్ కొట్టిన దెబ్బలు కాదు, కొట్టకుండా ఆపుకున్న దెబ్బలు వినాలి" అని రాశాడు. ఈ విమర్శకులకు తువ్వాలు కనబడదు, తత్వం కనబడుతుంది. అక్క మురిసిపోయి ఆ ముక్క కత్తిరించి ఫ్రిజ్‌కి అంటించింది. దరువుకూ బావకూ నవ్వాగలేదు. ఆ రోజు ఇద్దరూ కలిసే నవ్వారు.

వారం తిరిగేసరికి బావ నవ్వడం మానేశాడు. రేడియోవాళ్ళు అడిగితే, అవును, మేం నిశ్శబ్దాన్ని వెతుక్కుంటూ వెళ్ళాం అన్నాడు. పక్కనే కూర్చున్న దరువు వైపు ఎవరూ మైకు తిప్పలేదు. కచేరీలకు పిలుపులు పెరిగాయి, వేదికల మీదా డ్రమ్ములకు తువ్వాళ్ళే. బావ పొద్దుటిపూట చేసే బీమా ఆఫీసు ఉద్యోగం వదిలేశాడు. మూడో ఆల్బమ్ ఇంకా మెత్తగా వచ్చింది. ఇప్పుడు నిజం చెబితే ఒక్క బావ పరువే కాదు, అక్క సంసారం మొత్తం వీధిన పడుతుంది. పోనీ షాపులో అయినా ప్రశాంతత ఉందా అంటే, ఎన్నడూ పాట వినని ఓనరు కూడా ఈ ఆల్బమ్ మాత్రం భలే ఉందయ్యా, కస్టమర్లు విసుక్కోరు అని పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే పెట్టేవాడు. దరువు అద్దాలు అరగదీస్తూ తన తువ్వాళ్ళ చప్పుడు తనే రోజుకు ఆరుసార్లు వినేవాడు.

నాలుగేళ్ళు గడిచాయి. పాపను బళ్ళో వేశారు. బావ సాధన కోసం విడిగా గది అద్దెకు తీసుకున్నాడు. గోడలకు మందపాటి స్పాంజి, చుట్టుపక్కల ఇళ్ళే లేవు. మొదటి రోజే దరువు తువ్వాళ్ళు తీసి మడతపెట్టాడు. బావ గిటారు శ్రుతి చేసుకుంటూ చూశాడు.

"అవెందుకు తీశావురా?"

"పాప బడికెళ్తోందిగా బావా."

"ఇప్పుడు పాప కోసం కాదురా. మనల్ని వినేవాళ్ళు ఇలాగే వింటున్నారు. పరిచెయ్యి."

దరువు పరిచాడు. లెక్కల మాస్టారు తల పైకెత్తలేదు.

మానేసి పోవచ్చుగా అంటారు మీరు. ఆ ప్రయత్నమూ చేశాడు. ఊరి చివర ఒక కుర్ర బ్యాండు ఉంది, చెవులు గింగిర్లెత్తించే రకం. అక్కకు చెప్పకుండా వాళ్ళ దగ్గరికి వెళ్ళాడు. వాళ్ళు అతన్ని గుర్తుపట్టి, కుర్చీ వేసి, పొంగిపోయారు. మా పాటల్లో కూడా మీ మౌనం కావాలి అన్నా, మీ తువ్వాళ్ళు మీరే తెచ్చుకోండి అన్నారు. ఆ రోజు ఇంటికి నడుస్తుంటే అతనికి ఏడుపొచ్చింది. ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. వెతికి వెతికి చివరికి ఆగేది నాలుగేళ్ళ పాప దగ్గర. దానిమీద కోపం ఎలా వస్తుంది?

ఇలా ఉండగా టౌన్‌హాల్లో ఆదివారం మధ్యాహ్నం కచేరీ ఒప్పుకున్నారు. పాత అభిమానులు టికెట్లు కొనుక్కుని మరీ వస్తున్నారని, వచ్చి ముందు వరసల్లో వేదికకు వీపు చూపించి నిలబడతారని కబురందింది. బావ రెండు రోజులు ఆలోచించి దరువుతో అన్నాడు, "ఆఖర్న మొదటి ఆల్బమ్‌లో మొదటి పాట వేద్దాం. తువ్వాళ్ళు తీసెయ్. నీ ఇష్టం వచ్చినట్టు వాయించు."

ఆ వారం దరువు కాళ్ళు నేలమీద లేవు. షాపులో ఆనందం పట్టలేక రెండు అద్దాలు విరగ్గొట్టి ఓనరుతో చీవాట్లు తిన్నాడు. ఆ ఒక్క పాట తనలా వాయిస్తే చాలు, తర్వాత జీవితాంతం తువ్వాళ్ళ మీద వాయించమన్నా వాయిస్తాననుకున్నాడు.

ఆదివారం హాలు నిండింది. ముందు మూడు వరసలు అన్నంత పనీ చేశాయి. గంటన్నర సేపు బావ ఆ వీపులకే పాడాడు. చివరి పాట పేరు చెప్పగానే ఆ వీపులు ఒక్కసారి కదిలాయి. దరువు తువ్వాళ్ళు లాగి కింద పడేశాడు. పుల్లలు చెవుల కంటే పైకెత్తి, ఉన్న బలమంతా కూడదీసుకుని వేశాడు.

దెబ్బ మెత్తగా పడింది.

ఏదో పొరపాటనుకున్నాడు. మళ్ళీ ఎత్తి వేశాడు. భుజం బలంగానే వస్తోంది, డ్రమ్ము దగ్గరకొచ్చేసరికి మణికట్టు దానంతటదే కళ్ళెం వేస్తోంది. పక్క గదిలో ఎవరో నిద్రపోతున్నట్టు. మూడోసారి, నాలుగోసారి పళ్ళు బిగించి వేశాడు. చెమటలు కారిపోతున్నాయి, చొక్కా వీపుకంటుకుపోయింది, చప్పుడు మాత్రం పొరుగింటి తలుపు మర్యాదగా తట్టినంతే. బావ వెనక్కి తిరిగి చూసి, ఇతను కావాలనే అలా వాయిస్తున్నాడనుకుని, తనూ గొంతు దించేశాడు. హాల్లో చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిశ్శబ్దం. వీపులు ఒక్కొక్కటే ఇటు తిరిగాయి. తిట్టడానికొచ్చినవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. పాట అయిపోయాక హాలు హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్ల మోతలో సగమైనా తన డ్రమ్ములోంచి వచ్చుంటే చాలనిపించింది దరువుకు.

తర్వాత వెనక గదిలో పేపర్లవాళ్ళు కూర్చున్నారు. ఆ పెద్ద విమర్శకుడూ వచ్చాడు. అక్క పాపను ఎత్తుకుని తలుపు దగ్గర నిలబడింది. తువ్వాళ్ళు తీసేశాక కూడా చప్పుడు లేవనివ్వకపోవడం మామూలు విషయం కాదు, ఆ నిర్ణయం ఎవరిదని విమర్శకుడు అడిగాడు. బావ నోరు తెరవబోతే, విమర్శకుడు చెయ్యడ్డం పెట్టి, డ్రమ్మర్‌ని చెప్పనివ్వండి అన్నాడు. నాలుగేళ్ళలో మొదటిసారి మైకు దరువు ముందుకొచ్చింది.

"నేను ఉన్న బలమంతా పెట్టి కొట్టానండీ" అన్నాడు దరువు.

గదంతా పగలబడి నవ్వింది. విమర్శకుడు నవ్వుతూనే ఆ మాట పుస్తకంలో రాసుకున్నాడు. బావ దరువు భుజం చుట్టూ చెయ్యేసి ఊపేస్తూ నవ్వాడు. దరువు తలుపు వైపు చూశాడు. అక్క నవ్వడం లేదు. వాళ్ళకు అర్థం కాలేదేమోనని అతను మైకు దగ్గరికి జరిగి, అదే మాట మెల్లగా, ఒక్కో ముక్కా విడదీసి మళ్ళీ చెప్పాడు.

అక్క తల దించుకుంది. మిగతావాళ్ళు ఈసారి ఇంకా గట్టిగా నవ్వారు.