గొడుగుల షెడ్డులో రెండు దారాలు

ఆమెను అందరూ గొడుగులక్క అంటారు. అలాగని గొడుగులు అమ్మదు, బాగూ చేయదు. విమానంలోంచి దూకే కమాండోల పారాచూట్లను మడిచి సంచుల్లో సర్దడం ఆమె పని. జవాన్ల నోట పారాచూటంటే గొడుగే. పెళ్ళికి ముందు చిరుగులకు అతుకులు వేయడానికి ఈ షెడ్డులో అడుగుపెట్టింది. ఇప్పుడు జుట్టు నెరిసింది, షెడ్డుకు తనే పెద్ద. ఇన్నేళ్ళలో ఆమె మడిచిన గొడుగు విచ్చుకోలేదన్న మాట ఎవరి నోటా రాలేదు. అందుకని కాస్త గర్వం. కాస్తేమిటి, బోలెడు!

ఆ షెడ్డు నేల సైన్యం కమాండోలది. సముద్ర దళం కమాండోలకు రేవు దగ్గర వేరే షెడ్డు ఉండేది. ఎవరి గొడుగులు వారివి, ఎవరి గోల వారిది. అలా సాగుతుండగా ఒకనాడు దుండగులు రేవులో ఓడను పట్టుకున్నారు. నీళ్ళలో పని మీ వంతని నేలవాళ్ళు, ఒడ్డున పని మీ వంతని సముద్రంవాళ్ళు అంటూ, రెండు దళాలూ ఒకరి కోసం ఒకరు ఎదురుచూస్తూ కూర్చున్నాయి. చివరికి ఓడ దక్కింది గానీ, అందరికంటే ముందు ఎక్కిన సముద్ర దళం కుర్రవాడు దక్కలేదు. దేశానికి ఆపదొస్తే క్షణం ఆలస్యం లేకుండా ఉరకాల్సినవాళ్ళు ఇలా వాటాలు తేల్చుకుంటూ కూర్చుంటే ఎలాగని పైవాళ్ళు రెండు దళాలనూ ఒకే కర్నలు కిందికి తెచ్చారు. వాటితో పాటు షెడ్లూ ఒకటయ్యాయి.

ఒకటయ్యాయంటే, కాగితం మీద. రేవు షెడ్డు పెద్దను అందరూ సముద్రం మామ అంటారు. ఆయన తన బల్లలతో, మనుషులతో వచ్చి దిగాడు. ఇటు వీళ్ళు, అటు వాళ్ళు, మధ్యలో నడవ. అలిగిన వియ్యాలవారు నయం! సర్దిన ప్రతి సంచిలో మడిచినవారి పేరున్న చీటీ పెట్టి, మూతికి ఒక సీలు దారం కడతారు. నేల వాళ్ళది ఆకుపచ్చ, సముద్రం వాళ్ళది నీలం. ఆ దారం తెగితే మడత చెల్లదు, మళ్ళీ మొదటికి రావాల్సిందే.

సముద్రం మామ ప్రతి గొడుగునూ మడిచే ముందు రెండుసార్లు గట్టిగా దులుపుతాడు. ఉప్పు పోవాలట.

"గడ్డి మైదానంలో ఉప్పెక్కడిదండీ బాబూ?" అని గొడుగులక్క ఎత్తిపొడిచేది.

"మీరు పూటంతా ముడతలు తీస్తారే, అదేమన్నా పెళ్ళిబట్టా?" అని ఆయన అంటించేవాడు.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళంటారు. ఇక్కడ పట్టినవాళ్ళే ఇద్దరు.

ఇంతలో కర్నలు ఆజ్ఞ వేశాడు. వచ్చే వారం రెండు దళాలూ కలిసి దూకాలి. సంచులన్నీ ఒకే కుప్పగా పెట్టాలి. వరసలో ఎవరికి ఏది అందితే అదే తగిలించుకోవాలి.

గొడుగులక్క గుండెల్లో రాయి పడింది. ఆమె కూతురు నేల సైన్యం కమాండో. ఇన్నాళ్ళూ ఆ పిల్ల దూకిన ప్రతి గొడుగూ తల్లి చేతిదే.

ఆ సాయంత్రం కూతురు గుమ్మంలో కూర్చుని బూట్లు తుడుచుకుంటుంటే మెల్లగా కదిపింది. "ఏమే, నా సంచికి చిన్న గుర్తు పెడతాను. నువ్వు అదే తీసుకో. ఎవరికీ తెలీదు."

"నాకు తెలుసు కదమ్మా."

"తెలిస్తే ఏం?"

"నేను నీది ఏరుకుంటే, నా వెనక నిలబడ్డవాడు మిగిలింది ఏ నమ్మకంతో తగిలించుకోవాలి? కింద దిగాక నా ప్రాణం వాడి చేతిలోనేగా ఉండేది."

"పెద్ద చెప్పొచ్చావులే!" అని కసిరి లోపలికి పోయింది గానీ, గొడుగులక్క ఆ రాత్రంతా ఆలోచిస్తూనే ఉంది.

కూతురు తన గొడుగు తీసుకోనంటే మరేం దారి? కుప్పలో ఉన్నవన్నీ తన మడతే అయిపోవాలి. ఆ మొండి తల్లికి తట్టిన ఉపాయం అదీ! సముద్రం వాళ్ళు భోజనానికి వెళ్ళినప్పుడల్లా వాళ్ళ సంచులు విప్పడం, తన పద్ధతిలో మడవడం, సముద్రం మామ సొరుగులోంచి తీసిన నీలం దారంతోనే మళ్ళీ సీలు కట్టడం. విప్పినవాటిలో ఒక్కదానిలోనూ తప్పు దొరకలేదు. అందుకు సంతోషించాల్సింది పోయి ఒళ్ళు మండింది ఆమెకు.

ఈలోగా తన ఆకుపచ్చ దారం రీళ్ళు చకచకా అయిపోతున్నాయి. దుబారా చేస్తున్నారని పనివాళ్ళను నాలుగు తిట్టింది. దూకడానికి ఇంకా రెండు రోజులుందనగా, ఇంకో రీలు తీద్దామని పొద్దున్నే షెడ్డుకు వచ్చింది. తన బల్ల ముందు సముద్రం మామ! తను సీలు వేసిన సంచి ఆయన ముందు విప్పి ఉంది. చెవి మీద ఆకుపచ్చ దారం వేలాడుతోంది.

"అయ్యో అయ్యో! నా మడత విప్పడానికి మీకెన్ని గుండెలు!"

ఆయన ఉలిక్కిపడ్డాడు. అంతలోనే ఆయన చూపు ఆమె జేబు మీద పడింది. "మరి ఆ నీలం రీలు మీ జేబులోకి దానంతటదే నడిచొచ్చిందా అమ్మా?"

ఇద్దరూ తేలు కుట్టిన దొంగల్లా నిలబడిపోయారు. చివరికి ఆయనే స్టూలు మీద కూలబడ్డాడు.

"ఓడ మీద పోయినవాడు నా మేనల్లుడు," అన్నాడు. "మీవాళ్ళు వస్తారు వస్తారని చూశాడు. రాలేదు. అప్పట్నుంచి మీ వైపుది ఏదీ నమ్మలేకపోతున్నాను. మీ మడతల్లో తప్పేం లేదు. నా మనసే కుదురుగా లేదు."

గొడుగులక్క కళ్ళు తుడుచుకుంది. ఆ కుర్రవాడి గురించి విన్నప్పుడు అయ్యో పాపం అనుకుంది. వాడికీ ఒక మేనమామ ఉంటాడని, వచ్చి తన ఎదురు బల్ల దగ్గరే నిలబడతాడని ఆమెకు తట్టనేలేదు.

"నా కూతురు దూకుతోంది అన్నయ్యా," అంది. "అందుకే ఈ తప్పుడు పని చేశాను."

"గొడుగులన్నీ బాగానే ఉన్నాయిగా," అన్నాడాయన నసుగుతూ. "నోరు మూసుకుంటే..."

"చీటీ మీద పేరు ఒకరిది, లోపల చెయ్యి ఇంకొకరిది. నా బిడ్డను అబద్ధానికి కట్టి కిందికి వదలమంటారా?"

ఇద్దరూ కలిసే కర్నలు దగ్గరికి వెళ్ళారు. ఆయన అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. "సిగ్గుండాలి! మిమ్మల్ని చూసి కుర్రాళ్ళు నేర్చుకోవాలా?" అని బల్ల గుద్దాడు. శాంతించాక, "అన్నీ విప్పండి. అనుకున్న రోజుకి అందుతాయా?" అన్నాడు.

"అందుతాయి," అంది గొడుగులక్క. "బల్లకు ఇటువైపు ఒకరు, అటువైపు ఒకరు నిలబడితే."

నడవ పోయింది. బల్లలు కలిశాయి. ప్రతి బల్లకూ ఒక నేల మనిషి, ఒక సముద్రం మనిషి. ఒకరు మడుస్తుంటే ఒకరు కళ్ళప్పగించి చూడడం, చీటీ మీద ఇద్దరి పేర్లు రాయడం, సీలుకు రెండు రంగుల దారాలూ పేనడం. మొదటి పూటంతా అరుపులే. రెండో పూటకు నవ్వులు వినబడ్డాయి.

దూకే రోజు సంచులు పంచుతుంటే గొడుగులక్క షెడ్డు వెనక్కి వెళ్ళిపోయింది. విమానం చప్పుడు వినబడ్డాకే బయటికొచ్చింది. తలుపులోంచి ఒక్కొక్కరే రాలారు. ఒక్కొక్క గొడుగే విచ్చుకుంది. పక్కనున్న సముద్రం మామ చెయ్యి ఎప్పుడు పట్టుకుందో ఆమెకే తెలియదు. ఆఖరిదీ విచ్చుకున్నాక గానీ వదల్లేదు.

కాసేపటికి కూతురు గుడ్డను రెండు చేతులా పొదివి పట్టుకుని వచ్చి బల్ల మీద పడేసింది. మొహం నిండా దుమ్ము, నవ్వు.

"నాకు ఎవరి మడత వచ్చిందో చూశావా అమ్మా?"

"లేదే."

"చీటీ ఇదిగో, చూడు మరి."

"ఇప్పుడెందుకు? నువ్వొచ్చావుగా," అని చీటీని చూడకుండానే డబ్బాలో వేసింది. గుడ్డ ఒక కొస పట్టుకుని, రెండోది సముద్రం మామకు అందించి, రెండుసార్లు గట్టిగా దులిపింది.

"గడ్డి మైదానంలో ఉప్పెక్కడిది చెల్లెమ్మా?" అన్నాడాయన.

"ఏమో, ఉందేమో! ఆ కొస గట్టిగా పట్టు అన్నయ్యా."