ముప్పై రెండు బిట్లకో గ్రూపు

ఆ ఉదయం ఇడ్లీ చల్లారేలోగా దామోదర్ ఒక వాట్సాప్ గ్రూపు పేరు మూడుసార్లు మార్చాడు. నాచారంలో ఉండే ఈ రిటైర్డ్ ఇంజనీరుకున్న పిచ్చి అదొక్కటే. కంప్యూటర్ సందేహాలు తీర్చే గ్రూపంటే, ఏ ప్రాసెసర్ మీద ఏ ఆపరేటింగ్ సిస్టమో పేరులోనే ఉండాలి. "లినక్స్-ఆర్మ్-64", "లినక్స్-ఇంటెల్-64"... ఒకదాంట్లో అడగాల్సింది ఇంకోదాంట్లో అడిగితే జవాబు చెప్పడు, సరైన గ్రూపుకు దారి చూపిస్తాడు.

పిచ్చి ఇంట్లోకీ పాకింది. అత్తవారి గ్రూపు పేరు "అత్తిల్లు-అంబర్‌పేట్-శాకాహారులు".

"పప్పుల ఉప్పెక్కువైతే ఏ గ్రూపుల చెప్పాలె?" అంది భార్య తారామణి.

"వంట-పప్పు-ఫిర్యాదులు. ఇంక తెరవలే."

ఆమె తమ్ముడు నరేన్‌కు ఒళ్లు మండేది. "బావా, అన్నీ కలిపి ఒక్కటి పెట్టరాదు?"

"ఉప్పల్‌ల దిగెటోన్ని, నాచారంల దిగెటోన్ని ఒక్క స్టాప్‌లనే దింపుతరా?"

"లినక్స్-ఇంటెల్-32" గ్రూపు పాతకాలపు ముప్పై రెండు బిట్ల కంప్యూటర్లకు. అందులో ఉన్నది దామోదర్, ఉప్పల్‌లో కంప్యూటర్‌తో ఎంబ్రాయిడరీ వేసి బ్లౌజులు కుట్టే ఉమారాణి. అంతే. సాయానికని అడ్మిన్‌గా పెట్టుకున్న నరేన్, బావ రామంతాపూర్ వెళ్లిన పూట చూసి, ఆమెను ఎనిమిది వందల మంది ఉన్న గ్రూపులో పడేసి, చిన్నదాన్ని మూసేశాడు.

ఆ మధ్యాహ్నమే ఉమారాణి కంప్యూటర్ మొరాయించింది. తెల్లారితే పెళ్లికూతురి బ్లౌజు ఇవ్వాలి. ఆ పెద్ద గ్రూపులో అడిగింది.

"గది మ్యూజియంల పెట్టక్కా!"

"తూకానికి అమ్ము!"

ఆపైన నవ్వే బొమ్మల వరద. ఉమారాణి తన ప్రశ్న చెరిపేసి గ్రూపులోంచి వెళ్లిపోయింది.

తిరిగొచ్చిన దామోదర్ ఫోన్ చూశాడు. నరేన్‌ను పక్కకు జరిపి, మంచం కిందికి దూరి ఓ పాత కంప్యూటర్‌ను బయటికి లాగాడు.

"ఇదెక్కడిది బావా?"

"పాత సామాన్ల దుకాణంల పట్టిన. ఆమెది గూడ గిదే రకం. ముందు దీనిమీద చేసి చూసి, ఆమెకు చెప్త."

ఫోన్ కలిపాడు. "చెల్లే, తెరమీద ఏమొస్తుందో జర సదువు."

"వద్దులే అన్నా. అందరు నవ్విన్రు."

"ఈడ నవ్వెటోళ్లు లేరు. నువ్వు సదువు."

ఆమె చదివింది. అతను కింద కూర్చుని ఒక్కొక్కటే చేసి చూసి చెప్పాడు. పొద్దుగూకకముందే ఫోన్‌లో ఎంబ్రాయిడరీ మిషన్ టకటక వినిపించింది.

"ఒక్క మనిషికి గ్రూపెందుకనుకున్న బావా," నసిగాడు నరేన్.

"పాత మిషన్ ఉన్నోళ్లకు అడగనీకె సిగ్గుంటదిరా. బోర్డు మీద దాని పేరు కనవడితే లోపలికొస్తరు."

ఆ గ్రూపు ఆ రోజే మళ్లీ తెరుచుకుంది. మర్నాడు నరేన్ ఫోన్‌లో ఇంకో కొత్తది కనిపించింది: "బామ్మర్దులు-అంబర్‌పేట్-అడ్మిన్ కానివాళ్లు".

సభ్యులు ఇద్దరు. మెసేజ్ పెట్టే హక్కు ఒక్కరికే.